మూత లేని మోటారు

"చిక్కు దగ్గర అలా లాగకు పిల్లా. అది జుట్టు, మోటారు బెల్టు కాదు," అంది వదిన.

చిన్నకోడలు దువ్వెన పక్కన పెట్టి చిక్కును వేళ్ళతో విడదీయసాగింది. వదిన ఆమె మొగుడి అక్క; ఇంటికి ఒక్కతే కోడలైనా వయసులో చిన్నదని అందరూ చిన్నకోడలనే అంటారు. కిటికీ దగ్గర పీట వేసుకుని వదిన కూర్చుంది. ఆమె కుడిచెయ్యి వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా కట్టు కట్టి ఒళ్ళో ఉంది. కిటికీ గట్టు మీద అరచేయంత ఇనప పళ్ళెం, దానికి నాలుగు మూలలా నాలుగు చిల్లులు, అంచున ఇంకొకటి. అందులో వదిన జడపిన్నులు. ఆ పళ్ళెం ఎక్కడిదని ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ముందుగది మోటార్ల వైండింగు షాపు, వెనక రెండు గదులు కాపురం. అలాంటి ఇంట్లో ఇనుము తనంతట తానే పుట్టుకొస్తుంది. మంచం కింద బేరింగులు, బియ్యం డబ్బా పక్కన రాగితీగ చుట్టలు, తలుపు మూసుకోకుండా పాత మోటారు తలకాయ. వాటిలో ఇదొకటి.

"ఎడమచేత్తో అన్నం తినడం వచ్చింది, మొహం కడుక్కోవడం వచ్చింది. జడ మాత్రం రావడంలేదు," అంది వదిన. "దేవుడు మనిషికి రెండు చేతులిచ్చింది వండుకోడానికో దండం పెట్టడానికో కాదే, జడ వేసుకోడానికి."

"నేనున్నానుగా వదినా."

"ఉన్నావులే. పాపం, దువ్వెనకూ నాకూ మధ్య నలిగిపోతున్నావు."

ఆమె నోటికి దెబ్బ తగల్లేదు, చేతికే తగిలింది. నిజానికి ఆ చేతి నొప్పికన్నా ఆమెను ఎక్కువ మండించింది ఒక ప్రశ్న. ఆస్పత్రిలో కట్టు కట్టిన మనిషి అడిగాడు. పక్కింటావిడ చూడటానికొచ్చి, కూర్చోకముందే అడిగింది. కూరలమ్మి వీధిలోంచే కేకేసి అడిగింది. అందరిదీ ఒకటే మాట: "స్విచ్ కట్టావా?"

మొదటి రెండ్రోజులు వదిన ఓపిగ్గా చెప్పింది. కట్టానమ్మా, కరెంటు ఆపేశాకే చెయ్యి పెట్టాను అని. వాళ్ళు "ఓహో" అనేవాళ్ళు. ఆ ఓహోలో నమ్మకం ఆవగింజంత కూడా ఉండేది కాదు. ఆ తర్వాత ఆమె జవాబు మార్చింది. "లేదమ్మా, కట్టకుండా చెయ్యి పెడితే ఎలా ఉంటుందో చూద్దామని సరదా పుట్టింది."

చిత్రమేమిటంటే, ఈ రెండో మాటను అందరూ నమ్మారు.

వాళ్ళిద్దరూ పనిచేసేది బట్టలుతికే కార్ఖానాలో. ఆస్పత్రుల దుప్పట్లు, లాడ్జీల తలగడ గలీబులు వ్యానుల్లో మూటలుగా వచ్చి, తెల్లగా మడతలై వెళ్తాయి. చిన్నకోడలిది మడతల బల్ల. వదినది పిండే మిషను. మనిషి నిలబడేంత ఎత్తు డ్రమ్ము, చుట్టూ చిల్లులు, తడి దుప్పట్లు వేసి తిప్పితే నీళ్ళన్నీ గోడకు కొట్టినట్టు బయటికి చిమ్ముతాయి. ఆ డ్రమ్ము ఎంత బరువంటే, స్విచ్ కట్టేసినా వెంటనే ఆగదు. అలిగిన మనిషిలా చాలాసేపు తనలో తను తిరిగి తిరిగి, నీరసించి ఆగుతుంది. ఆ ఖాళీ సమయంలో వదిన ఊరికే నిలబడేది కాదు. మిషను పక్కన వంగి, మోటారు చుట్టూ పేరుకున్న నూలు పీచును చేత్తో లాగి బుట్టలో వేసేది. పీచు పేరుకుంటే బెల్టు కీచుమంటుంది, వేడెక్కుతుంది. ఎవరూ చెప్పని పని. ఎవరూ వద్దనని పని. చేరిన నాటి నుంచీ అలాగే చేస్తోంది. ఆ చేతికి గీత కూడా పడలేదు, మోటారు పక్కన ఆ డబ్బా వచ్చేదాకా.

ఆ డబ్బాను తెచ్చి పెట్టింది ఎవరో కాదు, ఆమె తమ్ముడే. చిన్నకోడలి మొగుడు, ముందుగది షాపులో మోటార్ల మెకానిక్కు.

కార్ఖానా యజమానిని ఆడవాళ్ళంతా తెల్లచొక్కా అంటారు. ఉతకడానికి వచ్చిన బట్టలన్నిటికన్నా అతని చొక్కా తెల్లగా ఉంటుంది మరి. మోటార్ల పవర్ ఫ్యాక్టర్ బాగా పడిపోయిందని కరెంటు ఆఫీసు వాళ్ళు అతనికి జరిమానా మీద జరిమానా వేశారు. తెల్లచొక్కా గోల పెట్టుకుంటూ మెకానిక్కు కోసం వచ్చాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నకోడలు, ఆ పవర్ ఫ్యాక్టర్ అంటే ఏమిటండీ అని మొగుణ్ణి అడిగింది. అతను కంచం ముందు చెయ్యి ఆరిపోతున్నా పట్టించుకోకుండా చెప్పాడు.

"మోటారు తిరగాలంటే దాన్లో అయస్కాంతం పుట్టాలి. దానికోసం లైన్లోంచి కొంత కరెంటు తెచ్చుకుంటుంది, వెంటనే తిరిగిచ్చేస్తుంది, మళ్ళీ తెచ్చుకుంటుంది. అచ్చం నువ్వు పక్కింటి జల్లెడ తెచ్చుకున్నట్టు. జల్లెడని తినవుగా? పిండి జల్లించి ఇచ్చేస్తావు. కానీ వీధిలో అందరూ జల్లెడలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే, పిండి బస్తా మోసేవాడికి దారేదీ? అందుకే కరెంటోళ్ళకి మంట. ఈ కెపాసిటర్ డబ్బా ఉందే, ఇది మనింట్లో మనం కొనిపెట్టుకున్న జల్లెడ. మోటారు పక్కనే కూర్చుంటుంది. ఇక వీధిలోకి పోనక్కర్లేదు."

"ఇంత చదువు ఎక్కడ దాచావురా?" అని వదిన మురిసిపోయింది. తమ్ముణ్ణి వైండింగు పనిలో పెట్టింది ఆమే. అతను పని నేర్చుకున్నన్నాళ్ళూ ఇల్లు నడిపింది ఆ పిండే మిషనే. పెళ్ళి మాటెత్తితే, "నాకు డ్రమ్ముందిగా, అది చుట్టూ తిరిగినట్టు ఏ మొగుడు తిరుగుతాడు?" అనేది. చిన్నకోడలికి కూడా ఆ రాత్రి మొగుణ్ణి చూసి గర్వమేసింది.

నిజానికి మోటారు మోటారుకీ దానికి తగ్గ చిన్న డబ్బా పెట్టాలి. తెల్లచొక్కా ఒప్పుకోలేదు. "అన్నిటికీ కలిపి ఒకటే పెద్దది పెట్టెయ్. పండగొకటైతే కొత్తచొక్కాలు పదెందుకు?" అన్నాడు. మెకానిక్కు తల గోక్కుని, ఎప్పుడూ తిరిగేది పిండే మోటారే కదా అని, షెడ్డంతటికీ సరిపోయే డబ్బాను తెచ్చి దానికే కట్టేశాడు. అదీ స్విచ్‌కి ఇవతల, నేరుగా మోటారులో తీగలు బిగించే కొసలకే. దాని తీగ లావు. మోటారు కొసల మీద ఉండే మూత అంచునున్న చిల్లులోంచి అది దూరలేదు. రేపు చిల్లు పెద్దది చేసి బిగిస్తాలే అని మూత ఊడదీసి సంచిలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ రేపు మళ్ళీ రాలేదు.

జరిమానా మాత్రం ఆగిపోయింది. తెల్లచొక్కా మెకానిక్కు భుజం తట్టి, "నువ్వు మోటార్ల డాక్టరువోయ్" అన్నాడు. వెనక కడుతున్న కొత్త షెడ్డు వైరింగంతా నీదేనన్నాడు.

అప్పుడు మొదలైంది దీపం సంగతి. మిషను పైన గోడకు ఒక ఎర్రదీపం ఉండేది. షెడ్డులో చెవులు పగిలే మోతలో మోటారు నడుస్తోందో లేదో తెలియడానికి, మోటారు కొసల నుంచే తీగ లాగి మెకానిక్కే ఒకప్పుడు పెట్టాడు. స్విచ్ కడితే దీపం ఆరేది. డబ్బా వచ్చాక ఆరడం మానేసింది. స్విచ్ కట్టగానే ఆ ఎరుపు కాస్త తెల్లబడి, డ్రమ్ము నీరసించేదాకా వెలిగి, అప్పుడు గుటుక్కున ఆరేది. ఆడవాళ్ళకు అదొక వేడుక. "మా ఆయన కోపంలాగుంది, కట్టేసినా కాసేపుంటుంది," అని ఒకామె. "మా అత్త సణుగుడు నయమా?" అని ఇంకొకామె.

మడతల బల్ల నుంచి ఆ గోడ ఎదురుగా కనిపిస్తుంది. చిన్నకోడలు నవ్వలేదు. నాలుగు రోజులు చూసి, ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. అతను నవ్వాడు. "అంతసేపు ఎర్రదీపాన్ని చూస్తే వెలుగు నీ కళ్ళలో మిగిలిపోతుంది, దీపంలో కాదు," అన్నాడు. ఆమె ఊరుకుంది. మోటార్ల డాక్టరు ముందు మడతల బల్ల ఏం మాట్లాడుతుంది?

కిందటి వారం వదిన ఎప్పట్లాగే స్విచ్ కట్టి, వంగి, పీచు లాగింది. చేతులు తడిగా ఉన్నాయి. పీచు తడిగా ఉంది. మోటారుకు మూత లేదు. ఆమె అరిచిన అరుపు, దుప్పట్ల బండిమీద వెనక్కి పడ్డ చప్పుడు, అంత మోతలోనూ మడతల బల్ల దాకా వినిపించాయి. చిన్నకోడలు తలెత్తి చూసేసరికి స్విచ్ పిడి కిందికే, కట్టే ఉంది. పైన దీపం వెలుగుతోంది.

ఆ మాట ఆమె తెల్లచొక్కాకు చెప్పింది. మిగతా ఆడవాళ్ళూ చెప్పారు. దీపం వెలుగుతోందంటే స్విచ్ వేసి ఉన్నట్టేగా అన్నాడతను. అంతే. మర్నాడు వాళ్ళు పనికి వెళ్ళేసరికి గోడ మీద దీపం లేదు. రెండు మేకులు, ఒక మరక ఉన్నాయి. "అనవసరంగా మిమ్మల్ని తికమక పెడుతోంది, తీయించేశా," అన్నాడు.

*

"కదలకు వదినా, పాయలు జారిపోతున్నాయి."

"నేను కదల్లేదే. అదిగో, పెళ్ళికొడుకు కదులుతున్నాడు, చూడు."

లోపలి గదిలోంచి మెకానిక్కు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గోడ అద్దంలో తల దువ్వుకుంటూ, అద్దంలోనే కనపడుతున్న అక్క మొహం చూడకుండా ఉండటానికి మెడ పక్కకి వంచాడు.

"పది గంటలకేనటగా సభ?" అంది వదిన.

అతను పాపిడి ఇంకోసారి సరిచేసుకున్నాడు.

నిన్న సాయంత్రం తెల్లచొక్కా ఇంటికొచ్చాడు. పళ్ళ సంచి బల్ల మీద పెట్టి, వదిన చెయ్యివైపు ఒకసారి చూసి, మెకానిక్కును ముందుగదిలోకి పిలిచాడు. గోడ పలచన. మాటలన్నీ ఇవతలికి వినిపించాయి. ఆడవాళ్ళు మిషను దగ్గరికి పోవాలంటే భయపడుతున్నారట. రేపు పదింటికి అందర్నీ నిలబెట్టి నువ్వే చెప్పాలన్నాడు. వైరింగు నిక్షేపంగా ఉంది, స్విచ్ కట్టిన మోటారు ఎవర్నీ కొట్టదు, మా అక్కే తొందరపాటున నడుస్తున్న మిషన్లో చెయ్యి పెట్టింది అని. "సొంత తమ్ముడు చెప్తే ఇంక తిరుగుండదు. చెయ్యి నయమయ్యాక ఆవిణ్ణి గేటు దగ్గర మూటలు లెక్కపెట్టుకోమందాం. మిషను దగ్గరొద్దు," అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చిన్నకోడలు కనపడితే ఆగి, "రేపట్నుంచి పిండే మిషను నువ్వు చూసుకోమ్మా. నెమ్మదైనదానివి," అన్నాడు.

ఆమె ఆ చివరి మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"నోట్లో ఏం పెట్టుకున్నావురా, మాట రాటంలేదు?" వదిన మళ్ళీ అంది. "ఆవులింతకు అన్న ఉన్నాడుగానీ తుమ్ముకు తమ్ముడు లేడంటారు. నాకు అన్న ఎటూ లేడు. ఉన్న ఒక్క తమ్ముడూ నేను తుమ్మలేదని సాక్ష్యం చెప్పడానికి తల దువ్వుకుంటున్నాడు."

"అక్కా, పొద్దున్నే మొదలెట్టకు."

"సాయంత్రం మొదలెట్టనా? అప్పటికి నీ సభ అయిపోతుందిగా."

అత్తయ్య టీ గ్లాసులతో వచ్చింది. ఒకటి కొడుక్కిచ్చి, ఒకటి కూతురి ఎడమచేతికి అందించింది. "ఇద్దరూ నా కడుపునే పుట్టారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది," అంది. "ఒక్క మాట చెప్పొచ్చేస్తాడే. నీ చెయ్యి ఎలాగూ కాలింది. వాడి పని కూడా కాలాలా?"

"మంచి లెక్కమ్మా," అంది వదిన. "కాలిన చెయ్యి ఎలాగూ కాలిందిగా, మాట కూడా కాల్చేసుకుంటే సరి. నేను వేసి ఉన్న మోటారులో చెయ్యి పెట్టేంత మొద్దునా? వీడు పుట్టకముందు నుంచీ స్విచ్చులు వేస్తున్నాను."

"మొద్దువని ఎవరన్నారు?" మెకానిక్కు దువ్వెన బల్ల మీద పడేశాడు. "తొందరలో మర్చిపోయుంటావు. ఎవరైనా మర్చిపోతారు. స్విచ్ కడితే తీగలో కరెంటుండదు. ఉండదంటే ఉండదు! లైను తెగిపోయింది, ఎక్కణ్ణుంచొస్తుంది? ఆకాశంలోంచా? నేనేం కావాలని నీమీద చెప్తున్నానా?"

"నాకు తెలుసురా నువ్వెందుకు చెప్తున్నావో." వదిన గొంతు ఒక్కసారిగా తగ్గింది. "నేను కట్టాననుకో, అప్పుడు నా చెయ్యి కాల్చింది నువ్వవుతావు. ఆ మాట నీకు మింగుడుపడటంలేదు. అందుకని నన్ను అబద్ధాలకోరుని చేస్తున్నావు. అది తేలిగ్గదా."

మెకానిక్కు మొహం మాడిపోయింది. టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు.

చిన్నకోడలి చేతిలో మూడు పాయలున్నాయి. ఆమె వాటిని వదల్లేదు. ఆ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆమె పెద్దవాళ్ళ మధ్య మాట వేసింది లేదు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. కానీ గోడ మీద దీపం లేని ఆ రెండు మేకులు కళ్ళముందు కదిలాయి. నలుగురు చూసిందాన్ని పీకి పారేసి, ఇప్పుడు నలుగురి ముందూ సభ పెడతారా?

"ఏవండీ," అంది. "ఇవాళ్టి నుంచి పిండే మిషను నన్ను చూసుకోమన్నారు."

అతను గిరుక్కున తిరిగాడు. "ఎవరు?"

"మీ తెల్లచొక్కా. నిన్న గుమ్మంలో."

అత్తయ్య కొడుకు వైపు చూసింది. మెకానిక్కు చొక్కా అంచు సర్దుకున్నాడు. "అయితే ఏం?" అన్నాడు. "స్విచ్ కట్టాకే చెయ్యి పెట్టు. ఏం కాదు."

ఆ మాట అన్నాక అతను దాన్ని తనే విన్నట్టు కనపడ్డాడు. చూపు గోడమీదికి, అక్కణ్ణుంచి నేలమీదికి జారింది.

"సరే," అంది చిన్నకోడలు. జడ కొసన పాయలు విడిపోకుండా వదిన ఎడమచేతికి అందించి లేచింది. "ఆ మాటే ఇక్కడ చూపించండి. ముందుగదిలో సానచక్రం మోటారుంది. దానికీ అలాగే డబ్బా కట్టండి. దీపం పెట్టండి. స్విచ్ కట్టాక దీపం ఆరిపోతే నేను నోరెత్తకుండా మిషను దగ్గర నిలబడతా."

"ఇప్పుడు టైమెక్కడుంది? పదింటికి..."

"వదిన చెయ్యి కన్నా పెద్దదా ఆ సభ?"

"నీకు తెలీని విషయాల్లో తల దూర్చకు. డబ్బా తనంతట తను కరెంటు పుట్టించదు."

"నాకు తెలీదు. మీరు చెప్పిందే తెలుసు." ఆమె గడప మీద నిలబడి అతని వైపే చూసింది. "మోటారు రోజూ పక్కింటి జల్లెడ తెచ్చుకుంటుందన్నారు. ఈ డబ్బా మనింట్లో జల్లెడన్నారు. ఆ రోజు బాగా అర్థమైంది నాకు. మనింట్లోనే జల్లెడుంటే, పక్కింటివాళ్ళు తలుపేసుకున్నంత మాత్రాన మన జల్లించడం ఎందుకాగుతుందండీ? డ్రమ్ము తిరుగుతూనే ఉంటుందిగా?"

చొక్కా గుండీ పెట్టుకుంటున్న మెకానిక్కు వేళ్ళు సగంలో అక్కడే ఉండిపోయాయి. మెల్లగా ముందుగదిలోకి నడిచాడు.

ముందుగదిలో వార్నిషు వాసన. బల్ల కొసన సానచక్రం, బండరాయంత రాయి, దాని పక్కన మోటారు. అతను మాట్లాడకుండా మూలనున్న పాత కెపాసిటర్ డబ్బాను లాక్కొచ్చాడు. స్విచ్‌కి ఇవతల మోటారు కొసలకు దాని తీగలు బిగించాడు. పైన ఒక బల్బు వేలాడదీసి దాన్నీ అక్కడే కలిపాడు. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. ఆమె వెనక సగం జడ ఎడమచేత్తో పట్టుకుని వదిన నిలబడింది.

"దూరంగా ఉండండి," అన్నాడు.

స్విచ్ వేశాడు. రాయి గుర్రుమని తిరిగింది. బల్బు వెలిగింది. వేగం పూర్తిగా అందుకున్నాక పిడి కిందికి లాగాడు.

బల్బు ఆరలేదు. పచ్చగా ఉన్నది ఇంకా తెల్లబడింది. రాయి మోత తగ్గుతూ వస్తోంది, బల్బు మాత్రం కళ్ళు చెదిరేలా వెలుగుతోంది. పిడి కిందికే ఉంది. లైను తెగే ఉంది. గదిలో నలుగురూ ఆ బల్బునే చూస్తున్నారు. రాయి నీరసించాక గుటుక్కున ఆరింది.

"అదిగో, మా ఆయన కోపం," అంది వదిన వెనకనుంచి.

మెకానిక్కు చెక్కపిడి స్క్రూడ్రైవరు తీసి డబ్బా తీగ కొసలు రెండింటికీ అడ్డంగా ఆనించాడు. టప్పుమని నీలం నిప్పు లేచింది. అత్తయ్య ఉలిక్కిపడి గోడకు అంటుకుపోయింది. అతను డబ్బా ఊడదీసి ఉత్త మోటారును తిప్పాడు. స్విచ్ కట్టాడు. బల్బు అప్పటికప్పుడే ఆరిపోయింది. మళ్ళీ డబ్బా కలిపాడు. తిప్పి కట్టాడు. బల్బు మళ్ళీ తెల్లగా నవ్వింది. ఇంకోసారి చేశాడు. ఇంకోసారి అదే.

"వేరే బల్బు పెట్టి చూస్తా," అన్నాడు గొణుగుతున్నట్టు.

"పదిసార్లు పెట్టండి," అంది చిన్నకోడలు. "కానీ ఇంక నా కళ్ళలో మిగిలిన వెలుగనకండి. ఆ రోజు నేను చెప్పాను. నవ్వారు. వదిన చెప్పింది, మర్చిపోయిందన్నారు. షెడ్డులో ఆడవాళ్ళందరూ చెప్పారు, ఉన్న దీపమే పీకేశారు. ఇందరం చూసింది చూపు కాదు. చూడని ఆయన చెప్పిందే నిజం. మీరేమో పదింటికెళ్ళి ఆయన మాటకి తందానా అంటారు. ఆ తర్వాత నేను వెళ్ళి చెయ్యి పెడతాను. నాకు కాలితే నేనూ మర్చిపోయినట్టేనా? నా తర్వాత ఇంకొకామె మర్చిపోతుందా? ఎంతమంది మర్చిపోతే మీకు గుర్తొస్తుంది?"

"అమ్మాయ్, మొగుడితో అలాగేనా..." అని అత్తయ్య మొదలుపెట్టింది.

"మీరాగండి అత్తయ్యా," అంది చిన్నకోడలు. ఆ ఇంట్లో ఆ మాట మొదటిసారి వినపడింది. అత్తయ్య నిజంగానే ఆగింది.

"స్విచ్ కట్టిన మోటారు ఎవర్నీ కొట్టదని చెప్తారుగా. మళ్ళీ తిప్పండి. తిప్పి కట్టి, ఆ కొసల మీద మీ చెయ్యి పెట్టండి. అప్పుడెళ్ళి చెప్పండి."

మెకానిక్కు బల్ల మీదున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయితే నేను పెడతా."

ఆమె వెళ్ళి తనే స్విచ్ వేసింది. రాయి గుర్రుమంది. పిడి కిందికి లాగింది. బల్బు తెల్లబడింది. జుట్టు నూనె ఇంకా ఆరని చెయ్యి ముందుకు చాచింది.

అతను ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఎంత గట్టిగా లాగాడంటే ఆమె బల్లకు తగులుకుని తూలింది, గాజులు చిట్లాయి. లాగాక కూడా వదల్లేదు. పైన బల్బు ఇంకా వెలుగుతోంది.

"స్విచ్ కట్టే ఉందిగా," అంది ఆమె. "ఎందుకు లాగారు?"

రాయి నీరసించింది. బల్బు ఆరింది. గుమ్మం దగ్గర్నుంచి వదిన మాట వినపడింది. ఈసారి దాన్లో వెటకారం లేదు.

"ఆ రోజు నా చెయ్యి పట్టుకుని లాగడానికి ఎవరూ లేర్రా."

మెకానిక్కు భార్య మణికట్టు వదిలేశాడు. అక్క వైపు చూశాడు. కట్టు కట్టిన చేతినీ, జారిపోతున్న జడను పట్టుకున్న రెండో చేతినీ చూశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సామెతలో తేలిక. కాలింది అక్క చెయ్యి, పట్టుకోవలసిన ఆకు ఎక్కడుందో అతనికి తెలియడంలేదు.

వదిన వెనక్కి తిరిగి వెళ్ళి పీట మీద కూర్చుంది. "రావే," అంది చిన్నకోడల్ని. "మొదలుపెట్టిన జడైనా పూర్తిచెయ్యి. సభకి జుట్టు విరబోసుకుని వెళ్తే నిజంగానే పిచ్చిదనుకుంటారు."

"నువ్వు కూడా వెళ్తావా?" అంది అత్తయ్య.

"నా గురించి చెప్పే సభకి నేను లేకపోతే ఎలాగమ్మా? పెళ్ళికూతురు లేని పెళ్ళా?"

చిన్నకోడలు వెనక నిలబడి పాయలు అందుకుంది. ముందుగదిలో ఏవో చప్పుళ్ళు. స్పానరు పడ్డ చప్పుడు, బల్ల బోల్టులు ఊడదీస్తున్న చప్పుడు, తోపుడుబండి చక్రం గడపకు తగిలిన చప్పుడు. ఆమె తల తిప్పి చూసింది. అతను సానచక్రాన్ని రాయితో సహా బల్ల మీంచి ఊడదీసి, రెండు చేతులా ఎత్తి బండి మీద పెడుతున్నాడు. దాని పక్కన కెపాసిటర్ డబ్బా. ఆ పైన తీగ చుట్టిన బల్బు, గుడ్డలో జాగ్రత్తగా పెట్టి. ఇస్త్రీ చొక్కా మీద గ్రీజు మరక పొడుగ్గా గీసుకుంది. అతను దాన్ని చూసుకోలేదు.

"అవన్నీ ఎక్కడికిరా?" అంది అత్తయ్య. "ఒరేయ్, కొత్త షెడ్డు పని..."

అతను బండి దగ్గర్నుంచి లోపలికి వచ్చాడు. ఎవరినీ చూడకుండా కిటికీ దగ్గరికి నడిచాడు. గట్టు మీద ఇనప పళ్ళెం ముందు ఆగాడు. నాలుగు మూలలా నాలుగు చిల్లులు. పిండే మోటారుకు ఉండవలసిన మూత. రేపు బిగిస్తానని తెచ్చి ఇన్నాళ్ళూ అక్కడే పడేసింది. అందులో అక్క జడపిన్నులు.

అతను వంగి, పిన్నులను జాగ్రత్తగా వదిన ఒళ్ళో వంపాడు. ఒకటి మూలలో ఇరుక్కుంటే గోటితో తీసి అది కూడా పెట్టాడు. మూతను చొక్కా అంచుతో తుడిచాడు.

వదిన తలెత్తి ఏదో అనబోయింది. జడ చిన్నకోడలి చేతిలో ఉండటం వల్ల తల పూర్తిగా తిరగలేదు. ఆమె తిరిగేలోపే అతను మూతను సంచిలో వేసుకుని, గడప దాటి, బండిని కార్ఖానా వైపు తోశాడు.